యుద్ధవిద్యల పాఠాలు – 3: నిలబడే తీరు

మొదటి రెండు పాఠాల్లో ఒళ్ళు వేడెక్కించడం, దెబ్బ తగలకుండా కింద పడటం చూశాం. ఆ రెండూ కనీసం పది రోజులు చేయనివాళ్ళు ఇక్కడే ఆగి వెనక్కి వెళ్ళండి. ఈ పాఠంలో ఒక్క దెబ్బ కూడా కొట్టం. నిలబడతాం, అంతే. కరాటే, తైక్వాండో, ముయ్ థాయ్, జూడో, కుస్తీ, కర్రసాము చూపులకే వేరుగా ఎందుకుంటాయో పాదాల దగ్గరే తేలిపోతుంది. ప్రతి శైలీ కొన్ని దెబ్బలకు సిద్ధంగా ఉంటుంది, కొన్ని రావులే అనుకుంటుంది. ఏవి వస్తాయనుకుంటోందో, ఏవి రావనుకుంటోందో దాని నిలకడ చూస్తే తెలుస్తుంది.

సుద్దముక్క, దర్జీ టేపు, ఒక కర్ర, మూడు మీటర్ల చోటు ఉంటే చాలు. మిద్దె అయితే మంచిది. తిరుపతి ఎండల్లో మిద్దె గచ్చు పొద్దుగూకినా చాలాసేపు చల్లారదు కాబట్టి తెల్లవారుజామున, ఆరు లోపే చేయండి. ఒట్టి కాళ్ళతో చేయాలి. నున్నటి టైల్స్ మీద సాక్సులతో చేస్తే వెనక కాలు జారి గజ్జల్లో నరం పట్టేస్తుంది. అలిపిరి మెట్లెక్కి వచ్చిన రోజూ, ఆ మర్నాడూ కింద చెప్పే మొదటి అభ్యాసం మానేయండి. 3,550 మెట్లు ఎక్కిన తొడలు అలసి ఉంటాయి. అలసిన తొడ మోకాలిని నిలబెట్టలేదు, అది లోపలికి వాలుతున్నా మనకు తెలియదు.

కరాటే: పొడవు నిలకడ

షోటోకాన్ అనే కరాటే శైలిలో ఈ పొడవు నిలకడను జెన్‌కుత్సు దాచి అంటారు. ముందు మీ భుజాల వెడల్పు కొలవండి. అంత ఎడంతో నేల మీద రెండు సమాంతర గీతలు గీయండి. ఎడమ పాదం ఎడమ గీత మీద, కుడి పాదం కుడి గీత మీద పెట్టి, ఎడమ పాదాన్ని భుజాల వెడల్పుకు సుమారు రెండింతలు ముందుకు జరపండి. భుజాలు 40 సెంటీమీటర్లుంటే 80 అన్నమాట. ముందు మోకాలు వంచి కిందికి చూస్తే అది బొటనవేలికి సరిగ్గా పైన ఉండాలి. వెనక కాలు తిన్నగా, పాదం కాస్త బయటికి తిరిగి, మడమ నేలకు ఆని ఉండాలి. బరువు ముందు కాలి మీద 60 పాళ్ళు, వెనక 40 పాళ్ళు. ఒక్కో వైపు 20 సెకన్లు, మూడు సార్లు. వారానికి 5 సెకన్లు పెంచుకుంటూ 45 దగ్గర ఆపండి.

ఎక్కువమంది చేసే తప్పు రెండు పాదాలనూ ఒకే గీత మీదికి తెచ్చేయడం. ఇంట్లో తమ్ముడినో అక్కనో పిలిచి, భుజాన్ని పక్కనుంచి రెండు వేళ్ళతో నెట్టమనండి. ఒకే గీత మీదుంటే అంతకే ఒరిగిపోతారు. రెండు గీతల మీద నిలబడి, ముందు నుంచి ఛాతీ మీద అరచేత్తో నెట్టించుకోండి. ఆ తోపు వెనక కాలి మీదుగా నేలలోకి దిగిపోవడం మడమలో తెలుస్తుంది. గుద్దు కూడా అదే దారిలో వెనక్కి వస్తుంది: మడమ నేలను తంతుంది, నడుము తిరుగుతుంది, పిడికిలి చేరుతుంది. మడమ లేచిందంటే ఆ దారి తెగినట్టే.

రెండో తప్పు ముందు మోకాలు లోపలికి కూలడం. చిటికెనవేలి పక్కన కర్ర నిలబెట్టి, మోకాలు బయటి అంచు దానికి తగిలేలా ఉంచుకోండి. ఇది తేలిగ్గా తీసుకునే తప్పు కాదు, నెలల తర్వాత మోకాలి లోపలివైపు నొప్పిగా బయటపడుతుంది.

కరాటే అంటే ఇదొక్కటే అనుకోకండి. షోటోకాన్‌కు ఆద్యుడైన ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోలో ప్రదర్శించిన విద్య జపాన్‌లోని ఒకినావా దీవిది. అక్కడి గోజు ర్యూ శైలిలో మొదట నేర్పేది సాంచిన్ నిలకడ. పాదాల ఎడం భుజాలంతే, ముందు పాదం మడమ వెనక పాదం వేళ్ళ వరసలో ఉంటుంది, మోకాళ్ళు కొద్దిగా లోపలికి (ఇక్కడ అది తప్పు కాదు, నిలకడలో భాగమే). చేతికి చెయ్యి తగిలే దూరంలో పోరాడే శైలి అది, దానికి పొడుగాటి అడుగుతో పని లేదు. ఆ సుద్దగీతల మీదే రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేయండి. ‘కరాటే’ అనే ఒక్క బోర్డు కింద ఎంత తేడా దాగుందో మీ తొడలే చెబుతాయి.

తైక్వాండో, ముయ్ థాయ్: కాలు ఎత్తగలరా?

మళ్ళీ పొడవు నిలకడలోకి వెళ్ళండి. మొండెం కదపకుండా ముందు కాలు ఎత్తడానికి ప్రయత్నించండి. రాదు. ముందు బరువంతా వెనక్కి లాగాలి, ఆ లాగడం ఎదుటివాడికి కనిపిస్తుంది. ఇప్పుడు భుజాల వెడల్పుకు కాస్త ఎక్కువ ఎడంతో, పక్కకు తిరిగి, రెండు కాళ్ళ మీదా సమంగా బరువుంచి, మడమలు తేలిగ్గా నిలబడండి. కాలు వెంటనే లేస్తుంది. పోటీ తైక్వాండో నిలకడ ఇదే. కారణం పాయింట్ల లెక్కలో ఉంది. మొండెం మీద గుద్దుకు 1, తన్నుకు 2, తల మీద తన్నుకు 3. గిర్రున తిరిగి తన్నితే ఇంకా ఎక్కువ. తల మీద గుద్దడం నిషేధం. అందుకే చేతులు కిందికి జారినా అక్కడ నడుస్తుంది. అదే అలవాటుతో బాక్సింగ్ రింగులోకి వెళ్తే మొదటి నిమిషంలోనే ముఖానికి గుద్దు తగులుతుంది.

ముయ్ థాయ్‌లో తొడ మీద తన్ను ప్రధాన ఆయుధం, తన్నేది కాలి ముందు ఎముకతో. కాబట్టి నిటారుగా, నడుము ఎదురుగా తిప్పి, బరువు కాస్త వెనక కాలి మీద పెట్టి, ముందు కాలిని తేలిగ్గా ఉంచుతారు. తన్ను రాగానే ఆ మోకాలు ఎత్తి ముందు ఎముకతోనే ఆపాలి. కరాటే పొడవు నిలకడకు ఎదురయ్యే చిక్కు ఇక్కడ అర్థమవుతుంది. బరువు మోస్తున్న తొడ తప్పించుకోలేదు. ఇలాంటి చిక్కు ముయ్ థాయ్‌కీ ఉంది. అంత నిటారుగా నిలబడినవాడి కాళ్ళు కుస్తీ పట్టేవాడికి సులువుగా చిక్కుతాయి.

పట్టు శైలులు

కానో జిగోరో 1882లో జూడో మొదలుపెట్టారు. పాదాలు భుజాల ఎడం, మోకాళ్ళు మెత్తగా, బరువు పాదాల ముందు భాగం మీద. కుడి చెయ్యి ఎదుటివాడి కాలర్ అంచున, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర గుడ్డను పట్టుకుంటుంది. పాదాలు ఎత్తకూడదు, నేలను రాస్తూ జరపాలి. సుద్దగీతల మీద పక్కకు పది అడుగులు, వెనక్కి పది అడుగులు వేయండి. రెండు పాదాల మధ్య జానెడుకన్నా తక్కువ ఎడం వచ్చిందా? పాదాలు కలిసిన ఆ క్షణంలోనే విసిరేస్తారు. కాలు మీద కాలు వేస్తే మరీ సులువు.

ఫ్రీస్టైల్ కుస్తీలో తొడ, పిక్క పట్టుకోవచ్చు. కాబట్టి నడుము కిందికి దింపి, తల ముందుకు పెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఉంటారు. గ్రీకో-రోమన్ కుస్తీలో నడుము కింద పట్టకూడదు, అక్కడ మల్లులు నిటారుగా లేస్తారు. అంతర్జాతీయ జూడో పోటీల్లో 2010 నుంచి కాళ్ళు పట్టడాన్ని కట్టడి చేశాక జూడో కూడా మరింత నిటారైంది. ఒక్క నియమం మారితే వెన్ను వంపే మారుతుంది.

కర్రసాము

చిత్తూరు దాటి వేలూరు దారి పడితే ఇదే విద్యకు దగ్గరి చుట్టం, తమిళుల సిలంబం. వెదురు కర్ర నేల నుంచి నుదుటి దాకా ఉండేలా కోసుకోండి. బొటనవేలంత లావు చాలు, అంతకు మించితే మణికట్టు పట్టేస్తుంది. ఇక్కడ ఆగి నిలబడే నిలకడంటూ దాదాపు ఉండదు. తిరిగే కర్ర దూరం నుంచే తగులుతుంది, నిలిచిపోయిన కాలే దానికి మొదటి గురి. అందుకే సిలంబంలో కాలడి అనే అడుగుల వరసలకు అంత ప్రాధాన్యం. కర్ర పక్కన పెట్టి, నేల మీద ఒక్కో వైపు చేయి పొడవు ఉండేలా ఒక త్రికోణం గీసి, దాని మూలల మీద రోజూ ఐదు నిమిషాలు అడుగులు మార్చండి. చూపు పాదాల మీదికి దిగకూడదు. మూడో రోజుకల్లా చూడకుండానే మూల దొరకాలి. దొరక్కపోతే త్రికోణాన్ని చిన్నది చేయండి.

ఈ వారం పని: మీ ఊళ్ళో ఏదైనా శిక్షణ తరగతికి వెళ్ళి పావుగంట పక్కన నిలబడి చూడండి. చేతుల వంక చూడొద్దు. ముందు కాలి మీద బరువెంత, నడుము ఎదురుగా ఉందా పక్కకా, మడమ నేల మీదుందా, పాదాల ఎడం మారుతోందా – ఈ నాలుగూ నోటుబుక్కులో రాసుకోండి. ఆ శైలి ఏ దెబ్బకు సిద్ధంగా ఉందో, దేన్ని వదిలేసిందో కింద ఒక్క వాక్యం చేర్చండి. తర్వాత గురువుగారిని అడగండి, “ఇక్కడ తొడ మీద తన్నవచ్చా? కాళ్ళు పట్టవచ్చా?” మీ వాక్యం ఆయన జవాబుతో కలవకపోతే మరో పావుగంట చూడండి. 4వ పాఠం దూరం గురించి, దానికి ఆ నోటుబుక్కు కావాలి.