తొలకరికి ముందే బండి కరెంటు చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, బండి స్పార్క్ ప్లగ్‌కు తొడిగే క్యాప్ రబ్బరు మాత్రం నిజంగానే పగులుతుంది. ఎండలో ఎవరికీ ఆ పగులు కనపడదు. ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంటే ప్లగ్ దగ్గరికి వంగి చూసేదెవరు? మృగశిర వాన పడ్డాక ఆ పగుల్లోంచి నీళ్లు దిగుతాయి. బండి ముందు జర్క్ ఇస్తుంది, తర్వాత మిస్సింగ్ కొడుతుంది, చివరికి ఏ ఫ్లైఓవర్ కిందో ఆగిపోతుంది.

వానలో ఆగిన బండ్లలో చాలా వాటికి ఇంజిన్ జబ్బేమీ ఉండదు. బ్యాటరీ నుంచి గానీ, ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే మాగ్నెట్ నుంచి గానీ వచ్చే కరెంటును ఇగ్నిషన్ కాయిల్ పదిహేను, ఇరవై వేల వోల్టులకు పెంచి ప్లగ్‌కు పంపుతుంది. అంత వోల్టేజీకి ఏ సందు దొరికినా చాలు. తడిసిన మట్టి, చిట్లిన రబ్బరు, పాతబడిన వైరు మీది చెమ్మ, ఏదైనా దారే. ప్లగ్ దాకా పోకుండా మధ్యలోనే ఇంజిన్ బాడీకి దిగిపోతుంది. అందుకే వానలో బండి మొరాయించగానే "సర్, సీడీఐ పోయింది" అని ఎవరైనా అంటే కాస్త ఆగమనండి. సీడీఐ అంటే ప్లగ్‌కు స్పార్క్ ఎప్పుడు అందాలో నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె. అది పోదని కాదు. కానీ చూడాల్సిన వరుసలో అది చివర. ప్లగ్, క్యాప్, వైరు, స్విచ్‌లు, ఎర్త్ (కరెంటు బండి బాడీ ద్వారా తిరిగి వెళ్లే కనెక్షన్) చూసి, కాయిల్ కూడా కొలిచాక దాని వంతు. మొదటి నాలుగైదింటికి అయ్యే ఖర్చు తక్కువ, ఇంట్లోనే చూసుకోవచ్చు. మే నెలాఖరులో ఒక ఆదివారం పొద్దున సరిపోతుంది.

చెయ్యి పెట్టే ముందు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్ విప్పండి. హెడ్ అల్యూమినియంది. వేడి మీద విప్పితే మరలు పోతాయి, మర పోయిన హెడ్ బాగుచేయించడానికి అయ్యే ఖర్చులో డజను ప్లగ్గులు వస్తాయి. తాళం ఆఫ్‌లో ఉండాలి. ఇంజిన్ తిరుగుతుండగా క్యాప్ ముట్టుకోకండి, పీకకండి. ఆ షాక్ మామూలుగా ప్రాణం తీయదు గానీ, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నప్పుడు వేడి సైలెన్సర్‌కో, తిరిగే చెయిన్‌కో తగులుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పని దగ్గర ఉండకపోవడమే మంచిది. మూసిన గదిలో, షట్టర్ దించిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల తిరిగేదాకా తెలియదు.

ఇక స్పార్క్ చూడటం. ప్లగ్ విప్పి, క్యాప్‌కు తగిలించి, హెడ్‌కు ఆనించి కిక్ కొట్టి చూడటం అందరికీ తెలిసిన పద్ధతే. అందులో ఒక ప్రమాదం ఉంది. విప్పిన రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది, నిప్పు దాని పక్కనే ఉంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఇంజెక్టర్ పెట్రోల్ కొడుతుంది కాబట్టి ఇంకా ప్రమాదం. దీనికి తేలిక దారి ఒకటి ఉంది. పనిచేసే పాత ప్లగ్ ఒకటి దాచుకోండి. బండిలోని ప్లగ్‌ను కదపకుండా క్యాప్ మాత్రం పీకి, దానికి పాత ప్లగ్ తగిలించండి. ఆ ప్లగ్ మర భాగం హెడ్ మీది రంగులేని లోహానికి గట్టిగా ఆనేలా వైరుతో కట్టి, చెయ్యి తీసేసి, తాళం ఆన్ చేసి, రెండు మూడు కిక్కులు కొట్టండి. రంధ్రం మూసే ఉంటుంది, ఆవిరి బయటికి రాదు. పెట్రోల్ కారిన వాసన ఏమాత్రం ఉన్నా ముందు ఆ లీకు సంగతి చూసి, తుడిచి, ఆరాకే ఈ పని. నీలంగా, చిటచిటమని శబ్దంతో వస్తే స్పార్క్ బాగున్నట్టు. పసుపుగా, నారింజ రంగులో సన్నగా వస్తే ఎక్కడో కారిపోతోంది. ప్లగ్‌ను దేనికీ ఆనించకుండా గాల్లో వదిలి కిక్ కొట్టడం మాత్రం వద్దు. వెళ్లడానికి దారి లేని వోల్టేజీ వెనక్కి తిరిగి కాయిల్‌నో సీడీఐనో దెబ్బతీస్తుంది.

ప్లగ్ ఏం చెబుతుంది

విప్పే ముందు ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో, వీలైతే పంపు గాలితో ఊదేయండి. లేకపోతే ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. కొన మీద లేత గోధుమ రంగు ఉంటే బాగున్నట్టు. ఎండిన నల్లటి మసి పట్టిందంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. నల్లగా, జిడ్డుగా తడి ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, అది ఇగ్నిషన్ గొడవ కాదు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఇంజిన్ మరీ వేడెక్కుతోంది. పెట్రోల్‌తో తడిసి ఉంటే పెట్రోల్ వస్తోంది గానీ మండట్లేదని అర్థం. వానాకాలంలో ఎక్కువగా చూసేది ఇదే.

ప్లగ్ కొన దగ్గర స్పార్క్ దూకే గ్యాప్ ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్లో ఉంటుంది. మన నూట పది, నూట పాతిక సీసీ బండ్లలో చాలా వాటికి 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు. ఎన్‌జీకే ప్లగ్ నంబరు చివర గీత పెట్టి 9 ఉంటే 0.9 అనే. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) కొలవండి, హాక్సా బ్లేడుతో అంచనా వెయ్యకండి. ప్లగ్ కొనేటప్పుడు నంబరు కచ్చితంగా అదే అడగండి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్ (వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్ (వేడిని పట్టి ఉంచేది). ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీది తీసుకుంటే తేడా కొడుతుంది. ఎమరీ పేపర్‌తో, ఇనుప బ్రష్‌తో రుద్ది పాత ప్లగ్‌నే లాగించే అలవాటు నాకు నచ్చదు. ఇనుప బ్రష్ తెల్లటి పింగాణీ మీద కంటికి కనపడని లోహపు గీతలు వదులుతుంది, వాటి మీదుగానే కరెంటు జారిపోతుంది. మామూలు ప్లగ్ ధరకు అంత కష్టం అక్కర్లేదు, పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగి ఉంటే మార్చేయండి. ఇరిడియం ప్లగ్ అయితే కొన చాలా సన్నం, దాన్ని రుద్దకండి, వంచకండి.

పెట్టేటప్పుడు మొదట వేళ్లతోనే తిప్పండి. మర అడ్డంగా పడితే అక్కడే తెలిసిపోతుంది. చేత్తో చివరిదాకా వెళ్లాక కొత్త ప్లగ్‌కు స్పానర్‌తో అర తిప్పు చాలు. పాతదే మళ్లీ పెడుతుంటే గడియారం ముల్లు ఒక గంట జరిగినంత. ఎక్కువ బిగిస్తే గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు. పల్సర్‌లాంటి బండ్లలో ప్లగ్గులు రెండో మూడో ఉంటాయి, ఒకటి చూసి వదిలేస్తే పని సగమే అయినట్టు.

క్యాప్, వైరు, కాయిల్

వానకు ముందు నిజంగా శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. క్యాప్‌ను పీకి వెలుతురులో తిప్పి చూడండి. రబ్బరు అంచును రెండు వేళ్లతో సాగదీస్తే సన్నటి చీలికలు నోళ్లు తెరుస్తాయి. లోపల గోడ మీద చెట్టు కొమ్మలా నల్లటి గీత కనిపిస్తే కరెంటు ఇప్పటికే అటుగా కారుతోంది. అలాంటి క్యాప్‌ను తుడిచి వాడకండి, మార్చండి. చాలా బండ్లలో క్యాప్ వైరుకు మరలాగా ఎక్కి ఉంటుంది. ఎడమకు తిప్పి విప్పితే వైరు కొసన రాగి పచ్చబడి ఉంటుంది. అర సెంటీమీటరు కత్తిరించి, కొత్త రాగి కనిపించాక మళ్లీ తిప్పి ఎక్కించండి. కొన్ని బండ్లలో వైరు, కాయిల్ ఒకటిగా పోత పోసి ఉంటాయి, వాటిని లాగకండి. క్యాప్‌కు రెండు వైపులా మల్టీమీటర్ పెడితే ఎక్కువగా 5 కిలో ఓముల దగ్గర చూపాలి. ఏమీ చూపకపోతే లోపలి రెసిస్టర్ పోయినట్టు.

చీకటి పడ్డాక ఒక పని చేయండి. బండిని ఆరుబయట పెట్టి, లైట్లు తీసి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచండి. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో ప్లగ్ వైరు మీద, క్యాప్ మీద, కాయిల్ మీద కాస్త దూరం నుంచి మంచులా నీళ్లు కొట్టండి. లీకు ఉన్నచోట నీలి నిప్పు దారంలా పాకుతూ కనిపిస్తుంది, అదే క్షణంలో ఇంజిన్ తడబడుతుంది. వానలో పడే అవస్థను ఇంటి ముందే చూసేసినట్టు. ఆ నిప్పు కనిపించిన ముక్కను మార్చడమే మందు. ఇన్సులేషన్ టేపు చుడితే రెండు వానలు ఆగుతుందేమో, మూడో వానకు టేపు లోపల నీరు నిలిచి మొదటికే మోసం వస్తుంది.

కొత్త క్యాప్ ఎక్కించేటప్పుడు రబ్బరు అంచు లోపల సిలికాన్ డైఎలెక్ట్రిక్ గ్రీజు పలుచగా రాయండి. చెయిన్‌కు, బేరింగుకు వాడే గ్రీజు వద్దు, అది రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ప్లగ్ కూర్చునే గుంతకు కొన్ని ఇంజిన్లలో నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడిపోతే గుంత నిండి క్యాప్ నీళ్లలో మునుగుతుంది. సన్నటి వైరుతో పొడవండి.

ఎప్పుడు ఆగుతోందో గమనించండి

ఆగిన ప్రతి బండికీ ఒకే కారణం ఉండదు, అది ఆగే తీరులోనే గుర్తు ఉంటుంది. తడిస్తేనే ఆగి, ఆరగానే మామూలైతే పైన చెప్పిన ప్లగ్ వైపు లీకు. అరగంట నడిచాక వేడికి ఆగి, చల్లారాక స్టార్ట్ అయితే కాయిల్ గానీ, మాగ్నెట్ దగ్గర ఉండి స్పార్క్ సమయం సీడీఐకి తెలిపే పికప్ కాయిల్ గానీ, అప్పుడు మాత్రమే సీడీఐ గానీ అనుమానించండి. హ్యాండిల్ తిప్పినప్పుడు ఆగితే హెడ్‌లైట్ వెనక వైరు లోపల తెగింది. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరినప్పుడు ఆగితే బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉంది, లేదా తాళం స్విచ్ అరిగింది. మెకానిక్‌కు "స్టార్ట్ అవట్లేదు" అని చెప్పేకన్నా ఇది చెప్పండి, ఆయనకు సగం పని తగ్గుతుంది.

హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్‌ను కూడా తక్కువ చేయకండి. లోపల రాగి పచ్చబడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ ఓ ఇరవై సార్లు నొక్కితే చాలావరకు బాగుపడుతుంది. పాత ఏసీ సీడీఐ బండ్లలో (బ్యాటరీ నుంచి కాక మాగ్నెట్ నుంచే సీడీఐకి కరెంటు వచ్చేవి) ఈ స్విచ్ పని కరెంటును ఎర్త్‌కు కలిపి ఇంజిన్ ఆపడం. అంటే స్విచ్‌లో నీళ్లు చేరినా ఆపేసినట్టే. హోండా తరహా వైరింగ్‌లో సీడీఐకి వచ్చే నలుపు మీద తెల్లగీత వైరు విప్పితే స్పార్క్ తిరిగొచ్చిందనుకోండి, దొంగ స్విచ్ వైపే. ఆ వైరు విప్పి ఉన్నప్పుడు తాళం తీసినా ఇంజిన్ ఆగదు, గేరులో వేసి క్లచ్ మెల్లగా వదిలి ఆపాలి. కాబట్టి ఇది పరీక్షకే, అలా తోలుకుంటూ తిరగకండి.

పాయింట్లతో (కాయిల్ కరెంటును కలిపి తెంచే లోహపు కాంటాక్టులు) నడిచే పాత బుల్లెట్ ఉన్నవాళ్లు పాయింట్ల కవర్ గ్యాస్కెట్ మార్చి, గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టించుకోండి. లోపల చెమ్మ చేరితే ఎంత మంచి కాయిల్ ఉన్నా ప్రయోజనం లేదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బండ్ల లెక్క వేరు. బ్యాటరీ నీరసించిన ఇంజెక్షన్ బండికి పెట్రోల్ పంపూ, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరైన ఈసీయూ కూడా సరిగా పనిచేయవు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.5 వోల్టులకు పైన, రేజ్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉందా చూడండి. సైడ్‌స్టాండ్ స్విచ్‌లో బురద పేరుకున్నా కొన్ని స్టార్ట్ కావు, దానికే కంగారుపడి షోరూంకు తోసుకెళ్లేవాళ్లున్నారు. ఈసీయూ వైర్లకు టెస్ట్ ల్యాంప్ పెట్టకండి. స్టాండ్‌కో, క్యారియర్‌కో వెల్డింగ్ చేయిస్తుంటే ముందు బ్యాటరీ విప్పండి.

అన్నీ చూసినా మిస్సింగ్ పోకపోతే పెట్రోల్‌లో నీళ్లేమో చూడండి. ట్యాంకు మూత దగ్గరి సన్నటి డ్రెయిన్ రంధ్రం మూసుకుపోతే వాన నీరు లోపలికి దిగుతుంది. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది నీటిని పీల్చుకుంటుంది, నీరు మించితే అడుక్కి విడిపోతుంది. కార్బరేటర్ బండికి, కార్బరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ బౌల్ డ్రెయిన్ స్క్రూ విప్పి గాజు సీసాలో పట్టండి. అడుగున నీటి పొర వేరుగా కనిపిస్తే కాయిల్‌ను తిట్టక్కర్లేదు. వాషింగ్ సెంటర్లో ప్రెజర్ గన్‌ను ప్లగ్ మీద, స్విచ్‌ల మీద, సీటు కింద వైర్లను కలిపే కప్లర్ల మీద నేరుగా కొట్టనివ్వకండి. వానకు ఎన్నడూ ఆగని బండ్లు వాటర్ వాష్‌కు ఆగుతాయి.

నీళ్లలో మునిగితే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధుల్లో, అదే వానలకు మున్నేరు పొంగి ఖమ్మంలో బండ్లు నీళ్లలో మునిగాయి. అలాంటప్పుడు నీరు తీయగానే తాళం తిప్పి చూడాలనిపిస్తుంది. తిప్పకండి. కిక్ కూడా కొట్టకండి. సిలిండర్‌లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. బ్యాటరీ నెగెటివ్ విప్పండి. ప్లగ్ తీసి, రంధ్రం మీద గుడ్డ వేసి, టాప్ గేరులో వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే నీరు బయటికొస్తుంది. ఇంజిన్ ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీరు కలిసినట్టే, తీసేసి కొత్తది పోయించాలి, కొంచెంసేపు నడిపాక మళ్లీ మార్చాలి. కప్లర్లు ఒక్కొక్కటీ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టాలి. హెయిర్ డ్రయర్ వాడితే చల్లగాలి మీదే.

నడుపుతుండగా నీళ్లలో ఆగిపోతే తోసుకుంటూ గట్టుకు రండి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. అది పొడిగా ఉంటే క్యాప్ పీకి తుడిచి స్టార్ట్ చేయొచ్చు. తడిస్తే ఆటో ట్రాలీ పిలిపించండి. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మేలో మార్చిన క్యాప్‌నే దసరా తర్వాత మరోసారి పీకి చూసుకోవాలి.