పటంలో ఎరుపు, బోరులో మంచినీరు: భూగర్భజల నాణ్యత పటాలు తప్పినప్పుడు ఎక్కడ వెతకాలి?

మర్రిగూడ, మునుగోడు, చండూరు పేర్లు వినగానే నల్లగొండ ఎరిగిన వారికి ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. ఆ మండలాల బోర్ల నీటి పరీక్ష ఫలితాలను జీఐఎస్‌లోకి, అంటే పటాలు గీసే కంప్యూటర్ వ్యవస్థలోకి, ఎక్కించి పటం గీయడం ఇప్పుడు కష్టమైన పని కాదు. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌తో ఒక్క పూటలో రంగురంగుల పటం చేతికి వస్తుంది. చిక్కంతా ఆ పటం పట్టుకుని ఊళ్లోకి వెళ్లినప్పుడు మొదలవుతుంది. ఎర్రగా చూపిన చోట బోరు నీరు పరిమితిలోనే ఉంటుంది, పచ్చగా చూపిన వాడలో పిల్లలకు గారపళ్లు కనిపిస్తాయి. అలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇంటర్‌పొలేషన్ పద్ధతిని, అంటే బావుల మధ్య ఖాళీ చోట్లకు విలువలు అంచనా కట్టే లెక్కను, మార్చి చూడడం. నా అనుభవంలో అది చివర చేయవలసిన పని. ముందు బావి ఉన్న చోటు, తర్వాత అంకె, ఆ తర్వాతే రంగు అనే వరుసలో వెతికితే తప్పు త్వరగా దొరుకుతుంది.

సమస్య: బావులు ఉండవలసిన చోట లేవు

పాయింట్లన్నీ ఆర్కిటిక్ మహాసముద్రంలోని స్వాల్‌బార్డ్ దీవుల మీద పడ్డాయంటే అక్షాంశం, రేఖాంశం గడులు తారుమారయ్యాయని అర్థం. నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఆ రెండింటినీ తిరగేస్తే చేరేది ఆ మంచు దీవులకే. ఇది మంచి తప్పు, ఎందుకంటే దాగదు.

దాగే తప్పు వేరొకటి ఉంది. క్షేత్ర సిబ్బంది 17 డిగ్రీల 3 నిమిషాల 15 సెకన్లు అని రాసుకున్న దానిని కంప్యూటరులో ఎక్కించేవారు 17.0315 అని కొడతారు. సరైన దశాంశ విలువ 17.0542. ఈ చిన్న తేడాకు బావి దాదాపు రెండున్నర కిలోమీటర్లు దక్షిణానికి జరిగి పక్క ఊరి పొలిమేరలో పడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువు ఉంది. గడి మొత్తాన్ని పరిశీలించినప్పుడు చుక్క తర్వాతి మొదటి రెండు అంకెలు గానీ, వాటి తర్వాతి రెండు అంకెలు గానీ ఒక్క బావికి కూడా 59 దాటకపోతే, అవి దశాంశాలు కావు, నిమిషాలూ సెకన్లూ. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలిపితే సరిపోతుంది.

భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతి విషయంలో 78 డిగ్రీల రేఖాంశాన్ని గుర్తుపెట్టుకోవాలి. దానికి తూర్పున ఉన్న నల్లగొండ, హైదరాబాద్ 44వ జోన్‌లోకి, పడమరన ఉన్న జహీరాబాద్, నారాయణపేట, అనంతపురం 43వ జోన్‌లోకి వస్తాయి. రాష్ట్రమంతటి పటానికి ఏదో ఒక జోన్‌ను ఎంచుకుని అన్ని పొరలనూ దానిలోకే మార్చాలి. నల్లగొండకైతే 44వ జోన్ కోడ్ అయిన ఈపీఎస్‌జీ 32644 వాడవచ్చు. డిగ్రీల్లోనే ఇంటర్‌పొలేషన్ చేస్తే దూరాలు వంకర పోతాయి, ఎందుకంటే మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా 111 కిలోమీటర్లు ఉంటే తూర్పు పడమరలుగా 106 మాత్రమే. పాత టోపోషీట్ల నుంచి గీసుకున్న వాగులు, చెరువులు ఉపగ్రహ చిత్రంతో కలవకపోతే, ఆ షీట్లు ఎవరెస్ట్ డేటమ్ (భూమి ఆకారానికి పాత కొలత ఆధారం) మీద తయారైనవని గుర్తించి, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కు మార్చుకోవాలి.

సమస్య: పట్టికను కలపగానే సగం గ్రామాలు ఖాళీ అయ్యాయి

పరీక్షల పట్టికను గ్రామాల పటంతో ఊరి పేర్లను బట్టి కలిపారు గనుక అలా జరిగింది. ఒకే ఊరి పేరు ఒక జాబితాలో ‘గూడ’ అని, మరొక దానిలో ‘గూడెం’ అని ఉంటుంది. పైగా ఒకే పేరున్న ఊళ్లు ఒక్క జిల్లాలోనే నాలుగు ఉండవచ్చు. స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని గ్రామ కోడ్‌తో కలపాలి. తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారితే కారణం సాధారణంగా షేప్‌ఫైల్ అనే పాత ఫైల్ రకంలోని అక్షరాల ఎన్‌కోడింగ్. ఆ ఫార్మాట్‌లో గడి పేరు కూడా పది అక్షరాలకే తెగిపోతుంది. జియోప్యాకేజీ అనే కొత్త ఫైల్ రకంలో దాస్తే రెండు బాధలూ తప్పుతాయి.

సరిహద్దుల సంగతి వేరే. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ ప్రధానంగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. మునుగోడు నల్లగొండలో ఉండిపోగా సంస్థాన్ నారాయణపురం యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది, అంటే ఫ్లోరైడ్ పట్టీ మీదుగానే గీత పడింది. పాత సగటును కొత్త సగటుతో పోల్చి ‘ఫ్లోరైడ్ తగ్గింది’ అనే నివేదిక వస్తే, తగ్గింది ఫ్లోరైడా, జిల్లానా అని ముందు చూడాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించిన ప్రాంతాన్ని నేడు ప్రకాశం జిల్లాగా చెప్పుకుంటున్నా, అప్పటి రికార్డుల్లో అది నెల్లూరు జిల్లా.

సమస్య: ఒక ప్రయోగశాల ఫలితాలన్నీ మిగతావాటి కంటే వింతగా ఉన్నాయి

కొలమానాలు కలిసిపోయాయేమో చూడాలి. నైట్రేట్‌ను కొందరు నైట్రేట్‌గానే రాస్తారు, కొందరు అందులోని నైట్రోజన్‌గా రాస్తారు. నైట్రోజన్‌గా 14 మిల్లీగ్రాములు అంటే నైట్రేట్‌గా 62. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. 14 అనే అంకె దాని ముందు నిరపాయంగా కనిపిస్తుంది, ఆ బావి మాత్రం పరిమితి దాటినదే. మార్చడానికి 4.43తో గుణించాలి.

కాల్షియం గడిలో జరిగే పొరపాటు మరింత తరచైనది. కాల్షియం కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్‌గా కొలిచి, ఆ అంకెనే కాల్షియం కింద ఎక్కించేస్తారు. దీన్ని కళ్లతో పట్టుకోలేము గానీ అయాన్ల లెక్క పట్టిస్తుంది, ఎందుకంటే నీటిలో ధన, రుణ అయాన్ల ఆవేశాలు సమానంగా తూగాలి. ఉదాహరణకు ఒక నమూనాలో కాల్షియం 40, మెగ్నీషియం 36, సోడియం 184, పొటాషియం 4 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. ఒక్కో దానిని దాని తుల్యాంక భారంతో భాగిస్తే ధన అయాన్ల మొత్తం 13.06 మిల్లీ ఈక్వివలెంట్లు వస్తుంది. బైకార్బొనేట్ 427, క్లోరైడ్ 142, సల్ఫేట్ 48, నైట్రేట్ 62, ఫ్లోరైడ్ 2.85 అయితే రుణ అయాన్ల మొత్తం 13.15. రెండు వైపులా దాదాపు తూగాయి. ఇప్పుడు కాల్షియం 40 బదులు కఠినత్వపు అంకె 100 ఎక్కిస్తే ధన వైపు 16.06 అవుతుంది, రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే 10 శాతం దోషం వస్తుంది. 5 శాతం దాటిన ప్రతి నమూనాను పటంలోకి రానీయకుండా పక్కన పెట్టి, ప్రయోగశాలను అడగాలి. కఠినత్వపు అంకె అని తేలితే 0.4తో గుణిస్తే కాల్షియం వస్తుంది.

‘గుర్తింపు పరిమితి కంటే తక్కువ’ అని రాసిన గడులు ఖాళీగా మిగిలితే ఆ బావులు పటం నుంచే మాయమవుతాయి, చుట్టుపక్కల కలుషితమైన బావులే మిగిలి పటం ఎర్రబడుతుంది. ఆ పరిమితిలో సగం విలువను వేయడం వాడుకలో ఉన్న పద్ధతి. అలా వేసినట్టు ఒక గడిలో గుర్తు పెట్టాలి. అసలు పరీక్షే చేయని బావికి మాత్రం సున్నా వేయకూడదు.

సమస్య: ఒకే ఊరికి పొంతన లేని రెండు ఫలితాలు

నమూనా ఎక్కడి నుంచి తెచ్చారని అడిగితే సగం చిక్కు విడుతుంది. నేను చూసిన ఒక జాబితాలో ఒక ఊరి నీరు ఏడాదిలోనే అద్భుతంగా బాగుపడింది. వెళ్లి చూస్తే మొదటి నమూనా చేతిపంపుది, రెండోది ట్యాంకు నల్లాది. ఆ ట్యాంకులో బోరు నీటితో పాటు మిషన్ భగీరథ నీరు కూడా కలుస్తోంది. పటం భూగర్భ జలానిది అయితే నల్లా నమూనాకు అందులో చోటు లేదు. ప్రతి నమూనాకు మూలం (ఊట బావి, చేతిపంపు, మోటారు బోరు), లోతు, తేదీ అనే మూడు గడులు తప్పనిసరి చేయాలి. ఊట బావి పైనున్న మొరం పొర నీటిని, బోరు కింది పగుళ్ల నీటిని తెస్తుంది. ఆ రెంటినీ ఒకే పటంలో కలపకూడదు. మే నెల నమూనాలను నవంబరు నమూనాలతో కలపడం కూడా అంతే తప్పు, ఎందుకంటే వానలకు పొలాల ఎరువులు, పశువుల కొట్టాల మురికి కిందికి దిగి నైట్రేట్ మారుతుంది. ఫ్లోరైడ్ కొన్ని బావుల్లో పలచబడుతుంది, కొన్నింట పెరుగుతుంది.

సమస్య: బావుల చుట్టూ కన్నుల్లాంటి గుండ్రటి మచ్చలు

దూర విలోమ భారం పద్ధతి, అంటే ఐడీడబ్ల్యూ, వాడినట్టు ఈ మచ్చలే చెబుతాయి. అవి నేలలో లేవు, లెక్కలో ఉన్నాయి. ఒక చోటికి అర కిలోమీటరు దూరంలోని బోరులో ఫ్లోరైడ్ 4.2, కిలోమీటరు దూరంలోని రెండు బోర్లలో 0.8, 0.9 ఉన్నాయనుకుందాం. దూరం వర్గానికి విలోమంగా భారం వేస్తే మొదటి దానికి 4, మిగతా రెంటికి ఒక్కొక్కటి వస్తుంది, ఫలితం 3.08. మూడు బోర్లలో రెండు మంచివే అయినా, ఎవరూ బోరు వేయని ఆ పొలం పటంలో 1.5 మిల్లీగ్రాముల పరిమితికి రెండింతల ఫ్లోరైడ్‌తో ఎర్రబడింది.

మెత్తని డెల్టా ఇసుకల్లో ఈ లెక్కను కొంత నమ్మవచ్చు. నల్లగొండ కింద ఉన్నది గ్రానైట్, నైస్ రాయి. అక్కడ నీరు పగుళ్ల వెంట కదులుతుంది, మధ్యలో డోలరైట్ డైకులు గోడల్లా అడ్డుపడతాయి. ఫ్లోరైట్, ఎపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది కాల్షియం ఫ్లోరైడ్‌గా పేరుకుని తగ్గుతుంది, సోడియం బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తక్కువైన చోట నీటిలోనే నిలుస్తుంది. కాబట్టి ఒకే చేనులోని రెండు బోర్లు రెండు రకాల నీరు ఇవ్వడం వింతేమీ కాదు. ఆ రెంటి మధ్య పరచిన నున్నటి రంగు మాత్రం వింతే.

సవరణకు మొదటి మెట్టు వేరియోగ్రామ్ గీయడం. బావుల మధ్య దూరం పెరిగే కొద్దీ విలువల తేడా ఎలా పెరుగుతుందో అది చూపిస్తుంది. సున్నా దూరం దగ్గరే ఉండే తేడాను నగెట్ అంటారు. మొత్తం తేడాలో నగెట్ వాటాయే చాలా ఎక్కువగా ఉంటే, పక్క బావిని బట్టి ఈ బావిని ఊహించలేమని దత్తాంశమే చెబుతున్నట్టు. అప్పుడు ఏ పద్ధతీ వాడకుండా బావులను రంగు వృత్తాలుగా చూపి ఊరుకోవడమే నిజాయితీ. అధికారులకు నిండు రంగుల పటమే నచ్చుతుందని నాకు తెలుసు; అయినా వృత్తాల పటమే ఇస్తాను.

వేరియోగ్రామ్ ఆశాజనకంగా ఉంటే, దాన్ని బట్టే భారాలు వేసే క్రిగింగ్ పద్ధతికి పోవచ్చు. కొద్ది బావుల్లోనే విలువలు బాగా ఎక్కువగా ఉంటాయి గనుక ముందుగా లాగరిథమ్ తీసుకోవాలి. ఒక్కో బావినీ తీసివేసి మిగతా వాటితో దానిని అంచనా కట్టి, అసలు విలువతో పోల్చాలి. ‘ఇక్కడ ఫ్లోరైడ్ ఎంత’ అనే ప్రశ్న కంటే ‘ఇక్కడ 1.5 దాటే అవకాశం ఎంత’ అనేది మన రాతి నేలకు తగిన ప్రశ్న. ఇండికేటర్ క్రిగింగ్ దానికి జవాబిస్తుంది. ఐడీడబ్ల్యూ మీరు కొలిచిన గరిష్ఠాన్ని ఎన్నడూ దాటదనీ, అందువల్ల నమూనా తీయని చోటి ఉద్ధృతిని అది చూపలేదనీ మరవకూడదు. కొలిచిన విలువల గుండా నున్నటి వంపు గీసే స్ప్లైన్ పద్ధతి వాడి ఫ్లోరైడ్ రుణ సంఖ్యల్లో వస్తే ఆశ్చర్యపోనక్కర లేదు, అది హద్దులు దాటి వంగే పద్ధతి.

సమస్య: కాలుష్య ప్రమాద పటానికీ నీటి పరీక్షకూ పొత్తు కుదరడం లేదు

భూగర్భ జలానికి కాలుష్యం తగిలే ముప్పును అంచనా కట్టే డ్రాస్టిక్ పద్ధతిని 1987లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వెలువరించింది. నీటిమట్టం లోతు, రీఛార్జి (నేలలోకి ఇంకే నీరు), జలధారి పొర, మట్టి, వాలు, నీటిమట్టం పైన ఉన్న పొర, నీటి ప్రసరణ సామర్థ్యం అనే ఏడింటికి వరుసగా 5, 4, 3, 2, 1, 5, 3 భారాలు వేసి, ఒక్కో దానికి 1 నుంచి 10 వరకు మార్కులిస్తుంది. మీ రాస్టర్‌లో, అంటే చిన్న చదరాలుగా విడగొట్టిన పటంలో, కనిష్ఠం 23 కంటే తక్కువో, గరిష్ఠం 230 కంటే ఎక్కువో వచ్చిందంటే ఏదో పొరను మార్కులుగా మార్చకుండా ముడి విలువలతోనే గుణించారు. అంకెలు హద్దుల్లో ఉండి పటం తలకిందులుగా ఉంటే లోతు మార్కులు తిరగబడ్డాయి: మీటరున్నర లోపు నీరున్న చోటికి 10, ముప్ఫై మీటర్లు దాటిన చోటికి 1 రావాలి. వాలు కూడా అంతే, చదును నేలకే ఎక్కువ మార్కులు.

ఇవన్నీ సరిగా ఉన్నా ఫ్లోరైడ్‌తో పోలిక కుదరకపోతే తప్పు పటానిది కాదు, పోల్చినవారిది. డ్రాస్టిక్ నేల పైనుంచి దిగే కాలుష్యాన్ని కొలుస్తుంది. ఫ్లోరైడ్ రాతి లోపలి నుంచి వస్తుంది. ఈ పటాన్ని నైట్రేట్‌తో సరిచూడాలి. పటాన్‌చెరు నక్కవాగు వెంట ఉన్నట్టుగా పరిశ్రమల వ్యర్థాలు ప్రవహించిన చోట, వాగు నుంచి దూరాన్ని, భూవినియోగాన్ని వేరే పొరలుగా చేర్చాలి, ఎందుకంటే నేల బలహీనత ఒకటి, దానిమీద పడే భారం మరొకటి.

సమస్య: నీటి నాణ్యత సూచిక ‘బాగుంది’ అంటోంది, ఊరు కాదంటోంది

పది అంశాలను కలిపి ఒక్క సంఖ్య చేసినప్పుడు, తొమ్మిది బాగుండి ఫ్లోరైడ్ ఒక్కటే 2.5 ఉన్న నీరు మధ్యస్థంగా మారిపోగలదు. సూచికను ఉంచుకోండి, కానీ ఆరోగ్యానికి సంబంధించిన ఏ ఒక్కటి పరిమితి దాటినా ఆ బావిని ‘తాగడానికి పనికిరాదు’ వర్గంలోకి నెట్టే నియమాన్ని ముందు రాసుకోండి.

రంగుల విభజనను సాఫ్ట్‌వేర్‌కు వదలకూడదు. సమాన అంతరాలు ఎంచుకుంటే 0.4 నుంచి 6.4 వరకున్న ఫ్లోరైడ్‌కు ఐదు తరగతుల్లో మొదటిది 1.6 దగ్గర ఆగుతుంది, పరిమితి దాటిన బావులు కూడా పచ్చరంగులో కలిసిపోతాయి. హద్దులను చేత్తో, ప్రమాణంలోని రెండు పరిమితులైన 1.0, 1.5 దగ్గర పెట్టాలి. మొత్తం కరిగిన లవణాలకైతే 500, 2000 దగ్గర. బావులు లేని మేరను బూడిద రంగులో వదిలి, నమూనాలు తీసిన నెల, సంవత్సరం, బావుల సంఖ్య పటం మూలలో ముద్రించాలి.