ఫోన్ తాళానికి ముఖమా, వేలిముద్రా? ఎంచుకోవడం, అమర్చుకోవడం ఎలా?

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా గురించి, బ్యాటరీ గురించి దుకాణంలో పది ప్రశ్నలు అడిగేవారు కూడా ఆ ఫోన్ తాళం ఎలా పనిచేస్తుందో అడగడం అరుదు. బ్యాంకు ఖాతా, యూపీఐ, ఆధార్ నకలు, ఇంటివాళ్ల ఫొటోలు అన్నీ ఆ తాళం వెనకే ఉంటాయి కనుక, ఈ ప్రశ్నకు కనీసం కెమెరాకు ఇచ్చినంత సమయమైనా ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఉంటూ మధ్యస్థ ధరలో ఫోన్ కొనబోతున్నవారిని, ఇప్పటికే కొని తాళాన్ని సరిగా అమర్చుకోనివారిని దృష్టిలో ఉంచుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ముఖాన్ని లోతుతో సహా కొలిచే ప్రత్యేక పరికరాలు లేని చాలా ఫోన్లలో వేలిముద్రనే నమ్మి, ముఖ తాళాన్ని ఆపివేయడం మంచిది. ఆ రెండింటికీ ఆధారమైన పిన్‌ను ఏ ఫోన్‌లోనైనా గట్టిగా పెట్టుకోవాలి.

మొదటి పని: ఫోన్ మీ ముఖాన్ని ఏ పద్ధతిలో చూస్తుందో తెలుసుకోండి

ముఖ తాళం అని ఒకే పేరుతో పిలుస్తున్నా, దాని వెనక రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. యాపిల్ 2017లో ఐఫోన్ 10తో తెచ్చిన ఫేస్ ఐడీ, కంటికి కనిపించని 30,000కు పైగా పరారుణ చుక్కలను ముఖం మీదికి పంపి, అవి పడిన తీరును పరారుణ కెమెరాతో చదివి, ముక్కు ఎత్తు, కళ్ల లోతు తెలిసేలా ఒక పటాన్ని తయారుచేస్తుంది. దారిన పోయే ఎవరో ఒకరు దాన్ని తెరవగలిగే అవకాశం 10 లక్షల్లో ఒకటికన్నా తక్కువని, అంతకుముందు 2013లో ఐఫోన్ 5ఎస్‌తో వచ్చిన వేలిముద్ర తాళానికి ఆ అవకాశం 50,000లో ఒకటని ఆ సంస్థ చెబుతుంది. కవల పిల్లల విషయంలో, పోలికలు బాగా కలిసే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల విషయంలో, ముఖకవళికలు ఇంకా పూర్తిగా ఏర్పడని 13 ఏళ్లలోపు పిల్లల విషయంలో ముఖ తాళం పొరబడే అవకాశం పెరుగుతుందని కూడా ఆ సంస్థే స్పష్టం చేసింది.

రెండో పద్ధతిలో సెల్ఫీ కెమెరా తీసే మామూలు ఫొటో తప్ప మరేమీ ఉండదు. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వచ్చిన ముఖ తాళం, యజమాని ఫొటో చూపితే తెరుచుకునేది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మెరుగైంది. 2023లో వచ్చిన గూగుల్ ఫోన్ పిక్సెల్ 8 మామూలు కెమెరాతోనే చెల్లింపులకు అనుమతించే స్థాయికి చేరింది. అయితే మధ్యస్థ ధర ఫోన్లలో ఎక్కువ భాగం ఆ స్థాయిలో లేవు. అందుకే అమర్చుకునే సమయంలోనే, మీ పోలికలున్న వ్యక్తి గానీ, మీ ఫొటోలాంటి వస్తువు గానీ ఫోన్‌ను తెరవవచ్చని తెరమీద ఒక హెచ్చరిక కనిపిస్తుంది. చాలామంది చదవకుండానే ముందుకు వెళ్లే ఆ వాక్యాన్ని దయచేసి చదవండి.

తయారీదారులు మంచి పద్ధతిని అన్ని ఫోన్లలోనూ ఎందుకు పెట్టరన్న ప్రశ్న సహజం. చుక్కలు పంపే పరికరానికి, పరారుణ దీపానికి, పరారుణ కెమెరాకు ఫోన్ ముందుభాగంలో చోటు కావాలి. ఆ చోటు కోసం తెరను కత్తిరించాలి, లేదా అంచును వెడల్పు చేయాలి, దానికితోడు ఖర్చు కూడా పెరుగుతుంది. 2018లో ఒప్పో ఫైండ్ ఎక్స్ ఈ పరికరాలన్నిటినీ మోటారుతో పైకి లేచే భాగంలో దాచి తెరను నిండుగా చూపింది కానీ, కదిలే భాగం ఉన్నచోట దుమ్మును, నీటిని ఆపడం కష్టం కనుక ఆ దారిలో ఎక్కువ ఫోన్లు రాలేదు. 2019లో గూగుల్ పిక్సెల్ 4లో వేలిముద్ర సెన్సర్‌ను పూర్తిగా తీసివేసి, ముఖ తాళంతోపాటు చేతి కదలికలను పసిగట్టే రాడార్‌ను అమర్చింది. ఆ రాడార్ వాడే 60 గిగాహెర్ట్జ్ తరంగాలకు ఇక్కడ అనుమతి లేకపోవడంతో ఆ ఫోన్ భారత మార్కెట్లోకే రాలేదు, పైగా యజమాని కళ్లు మూసుకుని ఉన్నా తెరుచుకుంటోందన్న విమర్శ కూడా విడుదల సమయంలో దానిపై వచ్చింది. మరుసటి ఏడాది పిక్సెల్ 5లో వేలిముద్ర సెన్సర్ వెనకవైపుకు తిరిగి వచ్చింది. తెర అందం కోసం, సన్నదనం కోసం చేసే ప్రతి మార్పుకూ తాళంలో ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుందని ఈ వరుస చూస్తే తెలుస్తుంది.

ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో గానీ, మీ ఇంటి దగ్గరి షోరూంలో గానీ ప్రదర్శనకు పెట్టిన ఫోన్ మీద ఈ పరీక్షలు చేయండి. మీ ముఖాన్ని నమోదు చేసి, మరో ఫోన్ తెరమీద మీ ఫొటో తెరిచి దాని ఎదుట పెట్టండి. ఆ తర్వాత కళ్లు మూసుకుని ప్రయత్నించండి. చివరగా వెలుతురు తక్కువగా ఉన్న మూలకు వెళ్లి చూడండి, అక్కడ తెర ఒక్కసారిగా తెల్లగా వెలిగితే పరారుణ పరికరాలు లేవని, మామూలు కెమెరాకే వెలుతురు కావలసి వచ్చిందని అనుకోవచ్చు. ఫొటోకు లొంగనంత మాత్రాన ఆ తాళం బలమైనదని తీర్మానించకండి. ఇంతకన్నా నమ్మదగిన గుర్తు మరొకటి ఉంది. ఆండ్రాయిడ్ నియమాలు ఈ తాళాలను మూడు తరగతులుగా విభజించాయి, బ్యాంకు యాప్‌లు సాధారణంగా పై తరగతి తాళాన్నే అంగీకరిస్తాయి. కనుక బ్యాంకు యాప్ వేలిముద్రతో తెరుచుకుంటూ, ముఖంతో తెరుచుకునే సదుపాయాన్ని అసలు చూపకపోతే, ఆ ఫోన్‌లోని ముఖ తాళం తక్కువ తరగతిదని చాలావరకు భావించవచ్చు. నమోదు చేసిన మీ ముఖాన్ని ప్రదర్శన ఫోన్ నుంచి తొలగించాకే దుకాణం నుంచి బయటికి రండి.

రెండో పని: మీ చేతికి సరిపడే వేలిముద్ర సెన్సర్‌ను ఎంచుకోండి

ప్రస్తుతం మూడు రకాల సెన్సర్లు దొరుకుతున్నాయి. పవర్ బటన్‌లో ఉండేది వేలి గీతల ఎత్తుపల్లాల మధ్య విద్యుత్ తేడాను కొలుస్తుంది. తెర కింద ఉండే ఆప్టికల్ సెన్సర్, తెరను ఆ చోట వెలిగించి వేలిని ఫొటో తీస్తుంది. అల్ట్రాసోనిక్ సెన్సర్ ధ్వని తరంగాలను పంపి, తిరిగివచ్చిన తరంగాల నుంచి వేలి గీతల రూపాన్ని గుర్తిస్తుంది. ఆప్టికల్ సెన్సర్‌కు తెర గుండా వెలుతురు రావాలి కనుక అది వెనక దీపం లేకుండా తనంతట తానే వెలిగే ఓఎల్ఈడీ తెరలున్న ఫోన్లలోనే సాధారణంగా కనిపిస్తుంది. వెనక దీపం వరుస ఉండే ఎల్‌సీడీ తెరలతో అది కుదరదు కనుక, తక్కువ ధర ఫోన్లలో సెన్సర్ పవర్ బటన్‌లోకి వెళ్లింది. తెర కింద సెన్సర్‌తో మార్కెట్లోకి వచ్చిన మొదటి ఫోన్ 2018 జనవరిలో వివో విడుదల చేసిన ఎక్స్20 ప్లస్ యూడీ.

చౌక ఫోన్లకు ఇచ్చేది కదా అని పవర్ బటన్ సెన్సర్‌ను చిన్నచూపు చూడవలసిన పని లేదు. నా దృష్టిలో ఈ నగరానికి అదే ఎక్కువ సుఖం. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఒక చేత్తో సంచి పట్టుకుని, క్యూఆర్ టికెట్ చూపేందుకు ఫోన్ తీసేటప్పుడు, బొటనవేలు సహజంగా పడేది ఆ బటన్ మీదే. జేబులోంచి తీసేలోపే ఫోన్ తెరుచుకుంటుంది. తెర కింది సెన్సర్‌కు మాత్రం తెరవైపు చూసి, సరైన చోట వేలు ఆనించి, క్షణం ఆగాలి. ఒకప్పుడు ఫోన్ వెనకవైపు చూపుడువేలు చేరే చోట ఉండే సెన్సర్ అన్నిటికన్నా అనువైనదని నేను నమ్ముతాను, అది దాదాపు కనుమరుగు కావడం విచారకరం. పవర్ బటన్ సెన్సర్ ఎంచుకునే ఎడమచేతివాటం వారు దుకాణంలోనే ఎడమ చేత్తో పట్టుకుని, వేలు సులువుగా అందుతోందో లేదో చూసుకోవాలి.

చెమట పట్టిన, తడిసిన వేళ్లతో విద్యుత్ తేడాను కొలిచే సెన్సర్ తరచుగా విఫలమవుతుంది. మే నెల ఎండలో ఆర్టీసీ బస్సులో వచ్చేవారికి, వానాకాలంలో బండి మీద తిరిగేవారికి ఇది అనుభవమే. తడిని అల్ట్రాసోనిక్ కొంత మెరుగ్గా తట్టుకుంటుంది కానీ అది ఎక్కువగా ఖరీదైన ఫోన్లకే పరిమితం. బాగా పొడిబారిన చర్మాన్ని ఆప్టికల్ సెన్సర్ గుర్తించలేక ఇబ్బంది పెడుతుంది. సిమెంటు పని చేసేవారికి, లాడ్ బజార్‌లో వేడి లక్కతో గాజులు చేసేవారికి, రోజంతా గిన్నెలు తోమేవారికి, బట్టలు ఉతికేవారికి వేలి గీతలు అరిగిపోతాయి. రేషన్ దుకాణంలో యంత్రం మీద వేలు పదేపదే పెట్టవలసి వచ్చే మీ ఇంటి పెద్దలకు ఫోన్ కొంటుంటే, వారిని వెంట తీసుకెళ్లి వారి వేలితోనే పరీక్షించండి. అప్పటికీ కుదరకపోతే పిన్ ఒక్కటే పెట్టి, అంకెలు పెద్దవిగా కనిపించేలా అమర్చి ఇవ్వడం మర్యాదైన పరిష్కారం.

ముఖ తాళానికీ ఇక్కడ అడ్డంకులున్నాయి. హెల్మెట్ పెట్టుకున్నవారు, దుమ్ము, ఎండ తగలకుండా ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటర్ నడిపే యువతులు, నఖాబ్ ధరించేవారు రోడ్డు మీద ముఖంతో ఫోన్ తెరవడం కష్టం. ఐఫోన్ 12, ఆ తర్వాతి ఐఫోన్లలో మాస్కుతో తెరిచే వీలు 2022లో వచ్చింది. అప్పటికీ కళ్ల చుట్టూ ఉన్న భాగం స్పష్టంగా కనిపించాలి. 2025 నుంచి కొత్తగా అమ్ముతున్న ఐఫోన్లలో వేలిముద్ర లేదు కనుక, ఆ ఫోన్ కొనేవారు ఈ పరిమితిని ముందే అంగీకరించాలి.

మూడో పని: వేళ్లను ఓపికగా నమోదు చేయండి

తాళం సరిగా పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం తొందరపాటు నమోదు వల్లనే. ముందుగా స్క్రీన్ గార్డ్ వేయించి, ఆ తర్వాత వేలిముద్ర ఇవ్వండి. గార్డ్ మార్చినప్పుడల్లా పాత ముద్రలను తొలగించి కొత్తవి ఇవ్వాలి. ఇది చిన్న విషయం కాదు: 2019లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 వంటి ఫోన్ల మీద కొన్ని సిలికాన్ కవర్లు వేసినప్పుడు, కవరు మీది నమూనానే ఫోన్ వేలిముద్రగా భావించి, ఎవరి వేలికైనా తెరుచుకున్న ఉదంతాలు బయటపడ్డాయి, సంస్థ సాఫ్ట్‌వేర్‌ను సరిచేయవలసి వచ్చింది. కనుక తెర కింద సెన్సర్ ఉంటే, ఆ మోడల్‌కు తగినదని చెప్పిన గార్డ్‌నే అడిగి వేయించుకోండి. బిగించాక మీ నమోదుకాని వేలితో ఒకసారి, ఇంట్లో మరొకరి వేలితో ఒకసారి ప్రయత్నించి, తెరుచుకోవడం లేదని నిర్ధారించుకోండి.

చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకున్నాక, ఫోన్‌ను రోజూ ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకుని నమోదు చేయండి. వేలి మధ్యభాగాన్నే కాకుండా కొసను, రెండు పక్కలను కూడా ఆనించాలి. రెండు చేతుల బొటనవేళ్లు, ఒక చూపుడువేలు తప్పనిసరి. ఇంకా చోటుంటే ఎక్కువగా వాడే బొటనవేలినే రెండోసారి ఇవ్వండి, గుర్తింపు గమనించదగినంతగా మెరుగవుతుంది. ఆషాఢంలో వేళ్ల కొసలు కప్పేలా గోరింటాకు పెట్టుకునే ముందు పిన్ గుర్తుందో లేదో చూసుకోండి. పూత ఉన్నంతసేపూ అదే దిక్కు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. భార్య, భర్త, పిల్లల వేలిముద్రలను మీ ఫోన్‌లో చేర్చకండి. నమోదైన వేళ్లలో ఏది ఎవరిదో ఫోన్‌కు తేడా తెలియదు కనుక, ఆట కోసం ఫోన్ తెరిచే పిల్లవాడి వేలే బ్యాంకు యాప్‌నూ తెరుస్తుంది. 2025 అక్టోబరులో యూపీఐ చెల్లింపులను పిన్‌కు బదులు ఫోన్‌లోని వేలిముద్రతో గానీ, ముఖంతో గానీ ఆమోదించే సదుపాయాన్ని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ప్రవేశపెట్టాక ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. కొత్త వేలు చేర్చగానే కొన్ని బ్యాంకు యాప్‌లు మళ్లీ పాస్‌వర్డ్ అడగడం లోపం కాదు, సరిగ్గా ఈ ప్రమాదం నుంచి కాపాడడానికి చేసిన ఏర్పాటు.

ముఖ తాళమే వాడాలనుకుంటే, ఐఫోన్‌లో తెరవైపు చూస్తేనే తెరుచుకునే సెట్టింగ్‌ను, ఆండ్రాయిడ్‌లో కళ్లు తెరిచి ఉండాలన్న సెట్టింగ్ ఉంటే దాన్ని, తప్పక ఆన్ చేయండి.

నాలుగో పని: పిన్‌ను బలపరచండి

ఫోన్‌ను ఆపి తిరిగి వేసినప్పుడు, గుర్తింపు వరుసగా విఫలమైనప్పుడు, ఎక్కువకాలం తెరవనప్పుడు ఫోన్ పిన్‌నే అడుగుతుంది. పిన్ తెలిసినవారు కొత్త వేలిని కూడా చేర్చుకోగలరు. నాలుగు అంకెలతో 10,000 పిన్‌లే సాధ్యం, ఆరు అంకెలతో 10 లక్షలు. పుట్టిన సంవత్సరం, బండి నంబరు, ఫోన్ నంబరు చివరి అంకెలు వద్దు. ఫోన్ పిన్, యూపీఐ పిన్ వేర్వేరుగా ఉండాలి. బస్సులో పక్కవారు చూస్తుండగా పిన్ కొట్టే అవసరం తగ్గించడమే వేలిముద్ర వల్ల కలిగే పెద్ద మేలు.

సిమ్‌కు కూడా పిన్ పెట్టుకోండి. ఫోన్ తాళం ఎంత గట్టిదైనా, దొంగ సిమ్ తీసి మరో ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలు అతనికే చేరతాయి. ముందుగా మీ నెట్‌వర్క్ ఇచ్చిన అసలు సిమ్ పిన్‌ను కనుక్కున్నాకే ఈ పని చేయండి, మూడుసార్లు తప్పుగా కొడితే సిమ్ ఆగిపోయి, దాన్ని తిరిగి తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది.

ఐదో పని: ఫోన్ చేజారే రోజుకు ముందే సిద్ధం కండి

ఎవరైనా బలవంతంగా మీ వేలిని గానీ ముఖాన్ని గానీ వాడతారన్న అనుమానం కలిగితే, ఆండ్రాయిడ్‌లో పవర్ మెనూలోని లాక్‌డౌన్‌ను నొక్కండి. ఐఫోన్‌లో పక్క బటన్‌ను, వాల్యూం బటన్‌ను కలిపి కాసేపు నొక్కి పట్టండి. ఆ తర్వాత పిన్ ఇచ్చేదాకా ఫోన్ తెరుచుకోదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో లాక్‌డౌన్‌ను ముందుగా సెట్టింగ్‌లలో ఆన్ చేసి ఉంచాలి. ఐఫోన్‌లో 2024 జనవరి నుంచి ఉన్న దొంగతన రక్షణ సెట్టింగ్‌ను, ఆండ్రాయిడ్‌లో ఫోన్ లాక్కుని పరుగెత్తినట్టు గమనించి తాళం వేసే సెట్టింగ్‌ను కూడా ఇప్పుడే ఆన్ చేయండి.

*#06# కొట్టి, ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరును కాగితం మీద రాసి, కొనుగోలు రసీదుతోపాటు ఇంట్లో దాచండి. ఫోన్ పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో, పోయిన ఫోన్ల కోసం ఉన్న సీఈఐఆర్ విభాగంలో ఆ నంబరు నమోదు చేస్తే, దేశంలోని నెట్‌వర్క్‌లలో ఆ ఫోన్ పనిచేయకుండా నిలిపివేస్తారు. ఖాతాలోంచి డబ్బు కూడా పోయిందని తెలిస్తే, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, వెంటనే బ్యాంకుకూ తెలియజేయండి.