ఎక్సెల్‌లో తెలుగు గజిబిజిగా కనిపిస్తే (నా అనుభవం)

పైథాన్ ప్రోగ్రామ్‌తో రాసిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైల్ నోట్‌ప్యాడ్‌లో చక్కగానే ఉంది, విండోస్‌లో డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే మాత్రం "లక్ష్మి" ఉండాల్సిన గడిలో ఏవేవో లాటిన్ అక్షరాలు, మధ్యమధ్యలో డిగ్రీ గుర్తులు. డేటా పోయిందని టెన్షన్ అక్కర్లేదు. యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా దాచే ఒక పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్) ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి 3 బైట్లు, ఆ బైట్లను ఎక్సెల్ విడివిడి అక్షరాలుగా చదివేస్తోంది, అంతే.

ఫైల్ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర "యూటీఎఫ్-8" తీసేసి "యూటీఎఫ్-8-సిగ్" పెట్టాను, హైఫన్లతో సహా. దాంతో ఫైల్ మొదట్లో బామ్ అనే 3 బైట్ల గుర్తు చేరింది, ఇది యూటీఎఫ్-8 ఫైల్ అని ఎక్సెల్‌కి దాన్ని బట్టే తెలుస్తుంది, పేర్లన్నీ శుభ్రంగా వచ్చేశాయి. నిజంగా ప్రాణం లేచొచ్చింది! ఒక్క జాగ్రత్త, ఆ ఫైల్‌ని మళ్లీ పైథాన్‌లో చదివేటప్పుడూ ఇదే ఎన్‌కోడింగ్ ఇవ్వాలి, లేదంటే మొదటి కాలమ్ పేరుకి ఆ కనిపించని గుర్తు అతుక్కుని, ఆ పేరుతో కాలమ్ లేదంటూ కీ ఎర్రర్ వస్తుంది.