భోగి మంటలో టైరు వేసేముందు

భోగి వారం రోజులుందనగానే పిల్లలు మెకానిక్ షెడ్ల చుట్టూ తిరుగుతారు. పాత టైరు ఒక్కటి దొరికితే చాలు, తెల్లారేదాకా మంట ఆరదు. మా వీధిలోనూ అంతే. మర్నాడు బూడిదలో ఇనప తీగలు చుట్టలు చుట్టలుగా మిగిలేవి. తలంటుకుని కొత్త బట్టలు కట్టుకున్నాక కూడా ముక్కు చీదితే రుమాలు నల్లగా అయ్యేది. నేను చెప్పాలనుకుంటున్నది ఆ నలుపు గురించే.

రబ్బరు, ప్లాస్టిక్, తడి కట్టె, ఏదైనా సరే, గాలి చాలక సగం సగం కాలితే పొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు పుడతాయి. తేనెపట్టు గదుల్లా అతుక్కున్న కార్బన్ వలయాలివి. వీటిలో పేరుమోసింది ఐదు వలయాల బెంజోపైరీన్. మసిని పట్టుకుని ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దిగినప్పుడు మాత్రం డీఎన్‌ఏని ఏమీ చేయలేదు. దాన్ని కోరలున్న పాముగా మార్చేది మన ఒళ్లే.

అది కొవ్వులో కరుగుతుంది, నీటిలో కరగదు. నీటిలో కరిగేలా చేస్తే తప్ప మూత్రంలో పోదు. అందుకని కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, చర్మంలో ఉండే సైటోక్రోమ్ పి450 ఎంజైములు దానికో ఆక్సిజన్ తగిలిస్తాయి. ఇంకో ఎంజైము నీటిని చేరుస్తుంది. అక్కడితో ఆగితే బాగుండేది. పి450 మళ్లీ వచ్చి, ఆ పక్కనే మరో ఆక్సిజన్ పెడుతుంది. అలా తయారైన డయోల్ ఎపాక్సైడ్ డీఎన్‌ఏ రాతలో 'జి' అనే అక్షరమైన గ్వానీన్‌కు అతుక్కుపోతుంది. కణం తన డీఎన్‌ఏకి నకలు తీసుకునేటప్పుడు అక్కడ తడబడి, 'జి' ఉండాల్సిన చోట 'టి' రాస్తుంది. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పి53 జన్యువులో ఆ తప్పు పడితే క్యాన్సర్ వైపు ఒక మెట్టు ఎక్కినట్టే. లోపలికి దిగిన బెంజోపైరీన్‌లో చాలా భాగాన్ని ఒళ్లు బయటికి తోసేస్తుంది, చాలా తప్పుల్ని దిద్దుకుంటుంది కూడా. దిద్దకుండా మిగిలినవాటితోనే భయం.

పొగ పీల్చాక బెల్లం ముక్క తింటే పోతుందని పెద్దలంటారు. డీఎన్‌ఏకి అతుక్కున్నదాన్ని బెల్లమూ ఊడదీయలేదు, కషాయమూ ఊడదీయలేదు. కాబట్టి జాగ్రత్తంతా పొగ లోపలికి పోకముందే.

మంటలో టైర్లు, ఫ్లెక్సీలు, రంగు వేసిన తలుపులు, ప్లైవుడ్ వేయకండి. ఎండిన దుంగలు, పిడకలు చాలు. వాటి పొగలోనూ ఈ పదార్థాలుంటాయి గానీ, టైరు పొగతో పోలిస్తే చాలా నయం. కట్టెల్ని ఇప్పుడే ఎండబెట్టండి. ఒత్తుగా పేర్చకుండా మధ్యలో గాలి ఆడేలా పెడితే మంట ఎర్రగా లేస్తుంది, పొగ తగ్గుతుంది. జనవరి తెల్లవారుజామున మంచు పట్టి ఉంటే పొగ పైకి పోక వీధిలోనే నిలుస్తుంది. అలాంటప్పుడు చిన్న మంటే వేయండి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి ఆ వైపే నిలబడండి. తడి రుమాలు కట్టుకున్నా సన్నటి మసి ఆగదు. ఎన్95 మాస్కు చాలావరకు ఆపుతుంది.

చుట్ట, బీడీ తాగేవాళ్లు మరీ దూరంగా ఉండాలి. పొగ తగిలేకొద్దీ ఒంట్లో ఆ పి450 ఎంజైములు పెరుగుతాయి. వాళ్ల ఊపిరితిత్తుల్లో అవి ముందే ఎక్కువగా ఉంటాయి. గర్భిణులు కిటికీ మూసుకుని లోపలే ఉండటం మంచిది. ఈ పదార్థాలు మాయ దాటి బిడ్డను చేరతాయి.

మసిని ఒంటి మీద ఉంచుకోవద్దు. లండన్‌లో పొగగొట్టాలు ఊడ్చే కుర్రాళ్లకు పెద్దయ్యాక వృషణాల సంచికి క్యాన్సర్ రావడం చూసి, చర్మపు ముడతల్లో ఇరుక్కున్న మసి వల్లేనని పెర్సివల్ పాట్ అనే వైద్యుడు 1775లోనే రాశాడు. నూనె రాసుకుని మంట దగ్గర కూర్చుంటే మసి ఇంకా అంటుకుంటుంది. ముందు మంట, తర్వాత తలంటు. సున్నిపిండితోనో సబ్బుతోనో మెడ ముడతలు, చెవుల వెనక, గోళ్ల సందులు రుద్దండి. ఉత్త నీళ్లకు మసి వదలదు. మంట దగ్గర వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి. టైరు కాలిన బూడిదైతే పిల్లల నుదుట పెట్టకండి, అందులో చిలగడదుంపలూ కాల్చకండి.