రచయిత జీవితాన్ని రాయడం, 4వ పాఠం: జహ్రా వేరు, హనాన్ వేరు

పోయిన పాఠంలో "ముందు తేదీలు రాసిపెట్టుకోండి" అన్నాను. తప్పు నాదే, రాసుకోమన్నది నోట్సులో అని విడిగా చెప్పలేదు. మీరు పంపిన వ్యాసాల్లో సగానికి పైగా "ప్రముఖ లెబనాన్ రచయిత్రి హనాన్ అల్-షేక్ 1945లో బీరుట్‌లో జన్మించారు" అనే మొదలయ్యాయి. రేషన్ కార్డు చదివినట్టుంది.

తేదీలు సరైనవే. సంప్రదాయ షియా కుటుంబం, కైరోలో చదువు, అక్కడే మొదటి నవల, అది 1970లో అచ్చు. 1968 నుంచి 1975 దాకా అన్నహార్ పత్రికలో పని, లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక బీరుట్ వదలడం, కొన్నాళ్లు సౌదీ, 1982 నుంచి లండన్. నా దగ్గరా ఇదంతా పాత కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో ఉంది (కంప్యూటర్‌లో రాసుకుంటే అన్నీ వాడేయాలనిపిస్తుంది). అందులో నేను వాడేవి రెండో మూడో. ఎలా ఏరాలో 2వ పాఠంలో చెప్పాను, మళ్లీ చెప్పను.

నాకు చిర్రెత్తింది ఇంకోదానికి. "హికాయత్ జహ్రా" (జహ్రా కథ) నవలని లెబనాన్‌లో ఎవరూ అచ్చు వెయ్యకపోతే 1980లో హనానే సొంత డబ్బుతో వేసుకుంది, కొన్ని అరబ్ దేశాలు నిషేధించాయి కూడా. మొదట్లోనే తల్లీ పిల్లా తలుపు వెనక వణుకుతూ నిలబడతారు, పిల్ల అరవకుండా తల్లి చెయ్యి నోటిని గట్టిగా మూసి ఉంటుంది. ఆ పిల్ల జహ్రా. మీలో ఒకరు దాన్నెత్తి "హనాన్ బాల్యం ఇలా గడిచింది" అని పెట్టేశారు. ఇంకొకరైతే యుద్ధంలో హనాన్ ఒక స్నైపర్‌ని (దాక్కుని గురిచూసి కాల్చేవాణ్ని) ప్రేమించిందట! అలా ప్రేమించింది నవలలో జహ్రా, ఆ స్నైపర్ తూటాకే కూలిపోతుంది కూడా, మరి తర్వాతి పుస్తకాలు ఎవరు రాసినట్టు?

పొరపాటు పడటానికి కారణం లేకపోలేదు. నవలలో జహ్రా తల్లికీ ఒక ప్రియుడు ఉంటాడు. హనాన్ తల్లి కామిలాని, అక్క పోయాక, చిన్న వయసులోనే బావకిచ్చి చేశారు. ఆమె ఇంకొకరిని ప్రేమించి, విడాకులు తీసుకుని, ఇద్దరు ఆడపిల్లల్ని వదిలి వెళ్లింది. ఇది నిజంగా జరిగింది. చదవడం రాయడం రాని కామిలా చెబుతుంటే విని, కూతురు తల్లి గొంతుతోనే "నేను" అంటూ రాసిన పుస్తకం 2005లో వచ్చింది. అంటే నవల వచ్చిన పాతికేళ్లకి. కాబట్టి "తల్లి చెప్పిన కథనే జహ్రాగా మార్చింది" అని కూడా రాయొద్దు. పోలిక ఉందనండి, చాలు. "నవలలో జహ్రా", "తల్లి చెప్పిన ప్రకారం కామిలా", "1975 దాకా పత్రికలో హనాన్", ఇలా ఎవరి మాట ఎక్కడిదో ప్రతి వాక్యంలో తెలియాలి, వాక్యం కాస్త మొరటుగా వచ్చినా నాకు పర్లేదు.

నేనైతే ఇలా మొదలుపెడతా: "తన కథ రాయమని తల్లి అడుగుతూనే ఉంది. ఊళ్లోవాళ్ల కథలన్నీ రాసే కూతురు చాలా ఏళ్లు ఆ మాట దాటేసింది." పుట్టిన సంవత్సరం మూడో పేరాలో వచ్చినా ఎవరూ అడగరు.

అభ్యాసం: మీ వ్యాసాన్నే తీసుకుని ఒక్కో వాక్యం పక్కన "జరిగింది", "నవల", "నా ఊహ" అని రాయండి. మూడోవి కొట్టేసి, మిగిలినదాన్ని 200 మాటల్లో, మూడే తేదీలతో మళ్లీ రాయండి. "ప్రముఖ" కనబడితే మాత్రం అక్కడితో చదవడం ఆపేస్తాను.