2,100 రూపాయల చీరకు చేతికి వచ్చేదెంత? ఆన్‌లైన్ కమిషన్, జీఎస్టీ లెక్క

శ్రీకాళహస్తి కలంకారీ చీరను ఆన్‌లైన్‌లో 2,100 రూపాయలకు అమ్మితే బ్యాంకులో 1,663.20 పడిందనుకోండి. తగ్గిన 436.80 అంతా కమిషన్ కింద పోయిందనుకుని ధర పెంచేస్తుంటారు చాలామంది. ముందు ఆ కోతను విడదీయండి.

చీరపై జీఎస్టీ 5 శాతం. అంటే 2,100లో అసలు ధర 2,000, పన్ను 100. కమిషన్ 10 శాతం, ఫిక్స్‌డ్ ఫీజు 40, కొరియర్ 110 అనుకుందాం (మీ రేట్లు సెల్లర్ ప్యానెల్‌లో చూసుకోండి). కమిషన్‌ను చాలా ప్లాట్‌ఫామ్‌లు పన్నుతో కలిపిన ధరపైనే వేస్తాయి కాబట్టి 200 కాదు, 210. మొత్తం ఫీజులు 360. వాటిపై 18 శాతం జీఎస్టీ 64.80. చీరకు 5 శాతమే కదా అని వాదించి లాభం లేదు, ఇది ప్లాట్‌ఫామ్ మీకు అందించిన సేవపై పన్ను. ఇక అసలు ధరపై 0.5 శాతం టీసీఎస్ (ప్లాట్‌ఫామ్ మీ తరఫున ముందే కోసి కట్టే జీఎస్టీ) 10 రూపాయలు, 0.1 శాతం టీడీఎస్ (అలాగే ముందే కోసే ఆదాయపు పన్ను) 2 రూపాయలు. 2024 జులై 10కి ముందు టీసీఎస్ 1 శాతం ఉండేది, పాత ఎక్సెల్ షీట్లు వాడేవాళ్లు మార్చుకోవాలి.

ఇందులో తిరిగిరానిది 360 మాత్రమే. కస్టమర్ దగ్గర వసూలు చేసిన 100 పన్నులో 64.80 ఇన్‌పుట్ క్రెడిట్‌గా (ఫీజులపై మీరు ముందే కట్టిన జీఎస్టీ), 10 టీసీఎస్‌గా సర్దుబాటవుతాయి. ఇంకా ప్రభుత్వానికి కట్టాల్సింది 25.20. టీడీఎస్ 2 రూపాయలు ఆదాయపు పన్ను రిటర్న్‌లో వస్తాయి. చివరికి మిగిలేది 1,640. చీర ఖర్చు ఇందులోంచే తీయాలి.

క్రెడిట్ దానంతటదే రాదు. ప్లాట్‌ఫామ్ ఖాతాలో 37తో (ఆంధ్రప్రదేశ్ కోడ్) మొదలయ్యే మీ జీఎస్టీ నంబరు ఒక్క అంకె తప్పున్నా ఫీజుల ఇన్‌వాయిస్ మీ జీఎస్టీఆర్-2బీలో (మీకు రావాల్సిన క్రెడిట్ల నెలవారీ పట్టిక) కనిపించదు. ప్రతి నెలా 14వ తేదీ తర్వాత 2బీని, ప్లాట్‌ఫామ్ ఇచ్చిన ఫీజుల ఇన్‌వాయిస్‌లను పక్కపక్కన పెట్టి సరిచూడండి. టీసీఎస్‌కు మరో మెట్టు ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో రిటర్న్స్ కింద టీడీఎస్, టీసీఎస్ క్రెడిట్ పేజీ తెరిచి, ఒక్కో ఎంట్రీని యాక్సెప్ట్ చేసి ఫైల్ చేయాలి. అప్పుడే ఆ మొత్తం క్యాష్ లెడ్జర్‌లోకి (పోర్టల్‌లో పన్ను కట్టడానికి వాడే మీ ఖాతా) చేరుతుంది. ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే.

అన్నిటికంటే ఖరీదైన తప్పు, బ్యాంకులో పడిన 1,663ను అమ్మకంగా చూపడం. అమ్మకం 2,000. ప్లాట్‌ఫామ్ తన రిటర్న్ అయిన జీఎస్టీఆర్-8లో ఆ విలువే చూపుతుంది, తేడా వస్తే నోటీసు మీకే వస్తుంది. మీ అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో, ప్లాట్‌ఫామ్ ద్వారా జరిగిన అమ్మకాలు చూపే 14వ టేబుల్ కూడా నింపాలి.

ధర పెట్టేటప్పుడు వెనక నుంచి లెక్కించండి. మీకు మిగలాల్సిన మొత్తానికి ఫిక్స్‌డ్, కొరియర్ ఫీజులు కలిపి 0.8524తో భాగిస్తే అమ్మకపు ధర వస్తుంది: 1,640కి 150 కలిపితే 1,790, భాగిస్తే 2,100. ఈ 0.8524 అంటే 1ని 1.05తో భాగించి 0.10 కమిషన్ తీసేసినది. 18 శాతం సరుకైతే 1.05 బదులు 1.18 వేయాలి. అసలు ధరతో చూస్తే 10 శాతం కమిషన్ అక్కడ 11.8 శాతం అవుతుంది.

కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకు టర్నోవర్‌పై తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్టీ పథకం) ఉన్నవారికి ఈ క్రెడిట్ లేదు, 64.80 పూర్తిగా ఖర్చే. 2023 అక్టోబర్ 1 నుంచి వాళ్లు కూడా ఆన్‌లైన్‌లో అమ్మొచ్చు గానీ రాష్ట్రం దాటకూడదు. తిరుపతి నుంచి విశాఖకు పంపొచ్చు, పక్కనే ఉన్న చెన్నైకి కుదరదు!

సరుకు వాపసు వస్తే కమిషన్, దాని జీఎస్టీ క్రెడిట్ నోటుగా (ఇన్‌వాయిస్ మొత్తాన్ని తగ్గించే పత్రం) తిరిగొస్తాయి, ఆ మేరకు ఇన్‌పుట్ క్రెడిట్ తగ్గించుకోవాలి. రిటర్న్ కొరియర్ ఛార్జీ మాత్రం చాలాసార్లు మీ మీదే పడుతుంది, దాని జీఎస్టీకి మళ్లీ క్రెడిట్ ఉంటుంది.